గుండ్లు మార్చినా సైకిలు ఎందుకు మూలుగుతుంది?

పిల్లలూ! మీలో చాలామంది బడికి సైకిలు మీద వస్తారు. ఎదురుగాలిలో లేచి నిలబడి తొక్కుతున్నప్పుడు, కాళ్ళ మధ్య నుంచి "కటుక్... కటుక్" అనే చప్పుడు ఎప్పుడైనా విన్నారా? పెడలు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా అది ఒక్కసారి వినిపిస్తుంది. షాపుకు తీసుకువెళితే గుండ్లు మారుస్తారు. నాలుగు రోజులు బాగుంటుంది. ఐదో రోజు మళ్ళీ మొదలు. ఈసారి కప్పులు కూడా మారుస్తారు. నెల తిరగకముందే మళ్ళీ అదే పాట!

అరిగిన వస్తువులన్నీ మార్చేశాం. మరి జబ్బు ఎక్కడుంది? జబ్బు బేరింగులో కాక, బేరింగు కూర్చునే చోట ఉంటే? కాలు విరిగిన పీట మీద ఎవరిని కూర్చోబెట్టినా ఊగక తప్పదు కదా! ఈ నెల మనం ఆ పీట సంగతి తెలుసుకుందాం.

బీబీ అంటే ఏమిటి?

సైకిలును పక్కనుంచి చూడండి. సీటు కింది గొట్టం, ముందు నుంచి ఏటవాలుగా వచ్చే గొట్టం, వెనక చక్రానికి పోయే రెండు సన్న గొట్టాలు - ఇవన్నీ కింద ఒకచోట కలుస్తాయి. అక్కడ అడ్డంగా ఒక పొట్టి, లావు గొట్టం ఉంటుంది. దీని ఇంగ్లీషు పేరు బాటమ్ బ్రాకెట్. షాపుల్లో పొట్టిగా బీబీ అంటారు. మనం దీన్ని బీబీ గొట్టం అందాం. చాలా సైకిళ్ళలో దీని పొడవు 68 మిల్లీమీటర్లు.

ఈ గొట్టం లోపల రెండు కొసల్లోనూ మరచుట్లు కోసి ఉంటాయి. షాపువాళ్ళు వీటిని త్రెడ్డులు అంటారు. ఆ చుట్లలోకి రెండు ఉక్కు కప్పులు బిగుస్తాయి. కుడి కప్పుకు అంచు ఉంటుంది. ఆ అంచు గొట్టం ముఖానికి ఆనేదాకా దాన్ని బిగించి వదిలేస్తారు. ఎడమ కప్పును మాత్రం ముందుకూ వెనక్కూ సర్దవచ్చు. సర్దిన తరువాత అది కదలకుండా పైన ఒక లాకు రింగు బిగిస్తారు. రెండు కప్పుల మధ్య ఇరుసు. ఇరుసుకూ కప్పుకూ మధ్య గుండ్లు. మన మామూలు సైకిలులో ఇవి పావు అంగుళం గుండ్లు, ఒక్కో పక్కకు 11.

గుండ్లను సైకిలులో వాడటం కొత్తేమీ కాదు. 1869లో పారిస్‌లో జూల్స్ సురిరే అనే ఆయన సైకిలుకు గుండ్ల బేరింగు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. అదే ఏడాది నవంబరులో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పందెంలో గెలిచిన జేమ్స్ మూర్ సైకిలుకు గుండ్ల బేరింగులే ఉన్నాయి. జారడానికి బదులు దొర్లితే ఘర్షణ ఎంతగా తగ్గుతుందో ఆ రోజున అందరూ కళ్ళారా చూశారు. కానీ గుండు చక్కగా దొర్లాలంటే అది దొర్లే బాట చక్కగా ఉండాలి.

అక్కడ ఎంత బరువు పడుతుంది?

కొంచెం లెక్క వేద్దాం. 40 కిలోల పిల్ల ఒక్క పెడలు మీద నిలబడి తొక్కుతున్నది అనుకోండి. క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లు. గొలుసు పట్టుకునే పళ్ళ చక్రానికి 48 పళ్ళు. గొలుసులో ఒక పంటికీ మరో పంటికీ దూరం అర అంగుళం, అనగా 12.7 మి.మీ. కాబట్టి పళ్ళ చక్రం చుట్టుకొలత 48 × 12.7 = సుమారు 610 మి.మీ. దాని వ్యాసార్ధం సుమారు 9.7 సెం.మీ.

మీరు తులాదండం పాఠంలో నేర్చుకున్న సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. 40 × 17 = గొలుసు లాగుడు × 9.7. అంటే గొలుసు సుమారు 70 కిలోల బరువుకు సమానమైన బలంతో వెనక్కి లాగుతుంది. పెడలు మీది 40 కిలోలు కిందికి, గొలుసు 70 కిలోలు వెనక్కి! ఈ రెంటినీ లంబకోణ త్రిభుజంలో కలిపితే 80 కిలోల పైచిలుకు వస్తుంది. పళ్ళ చక్రం కుడి పక్కనే ఉంది గనుక ఈ భారం ఎక్కువగా కుడి కప్పు మీదే పడుతుంది. పిల్ల బరువు కంటే కప్పు మోసే బరువు రెట్టింపు. ఆశ్చర్యంగా లేదూ?

ఇది ఎన్నిసార్లు జరుగుతుంది? పళ్ళ చక్రానికి 48, వెనక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉంటే, క్రాంకు ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్లు దాటి మరో మూడింట రెండు వంతులు తిరుగుతుంది. పెద్ద సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కాబట్టి క్రాంకు ఒక చుట్టుకు సైకిలు సుమారు 5.9 మీటర్లు పోతుంది. 9 కిలోమీటర్ల దూరానికి క్రాంకు 1,500 చుట్లకు పైగా తిరగాలి. పోనూ రానూ 3,000. ఏడాదికి 200 రోజులు బడికి వస్తే 6 లక్షల చుట్లు! అన్నిసార్లూ ఆ కప్పు కదలకుండా కూర్చోవాలి.

పీట ఎందుకు చెడుతుంది?

మొదటి కారణం వేడి. మన పెద్ద సైకిళ్ళ గొట్టాలను ఇత్తడి కరిగించి అతుకుతారు. అందుకు సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. ఉక్కు వేడికి వ్యాకోచిస్తుంది. 40 మి.మీ. వ్యాసం గల బీబీ గొట్టం అంత వేడికి దాదాపు అర మిల్లీమీటరు ఉబ్బుతుంది. నాలుగు పక్కల నుంచి నాలుగు గొట్టాలు దాన్ని పట్టుకొని ఉంటాయి గనుక చల్లారేటప్పుడు అది అన్నివైపులా ఒకే తీరుగా ముడుచుకోదు. కొంచెం కోలగా తయారవుతుంది. దాని ముఖం కొంచెం ఏటవాలుగా మిగిలిపోతుంది. ఇక మరచుట్లలో ఇత్తడి చుక్కలు, ఆ తరువాత పూసిన రంగు గడ్డకట్టి ఉండిపోతాయి. అందుకే ఫ్రేము తయారైన తరువాత మరచుట్లను మళ్ళీ ఒకసారి శుభ్రంగా కోయాలి. ముఖాలను సమం చేయాలి. ఈ పని సరిగా జరగని ఫ్రేముకు ఎంత మంచి బేరింగు వేసినా నిలవదు.

రెండో కారణం ఉప్పు. నెల్లూరు తీరంలో ఉన్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కరలేదు. మైపాడు, ఇసకపల్లి, కృష్ణపట్నం వైపు ఇళ్ళలో కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో మీకు తెలుసు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలితో ఊళ్ళోకి వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకొని తానే నీరవుతుంది. ఆ ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. దాంతో ఇనుము ఆక్సీకరణం చెందడం వేగం అందుకుంటుంది. వాన పడనవసరం లేదు, రాత్రిపూట తేమ చాలు!

బీబీ గొట్టం ఫ్రేములోకెల్లా పల్లంలో ఉంది. సీటు గొట్టంలోంచి దిగిన వాననీరు చివరికి చేరేది అక్కడికే. మన జిల్లాకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. రొయ్యల గుంటల గట్ల మీద నుంచి వచ్చే పిల్లల సైకిళ్ళకు కింది నుంచి కూడా ఉప్పునీరే. తుప్పుకు ఒక గుణం ఉంది. అది తినేసిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల మరచుట్ల మధ్య తుప్పు ఉబ్బి కప్పును ఒకవైపు నెడుతుంది. గట్టిగా తిప్పి ఊడదీస్తే చుట్ల శిఖరాలు రాలిపోతాయి.

ఒక సైకిలుకు వైద్యం

మా బడిలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి సముద్రపు ఒడ్డు ఊరి నుంచి 9 కిలోమీటర్లు సైకిలు మీద వచ్చేది. ఆ సైకిలుకు ఒకే ఏడాదిలో మూడుసార్లు కప్పులూ గుండ్లూ మార్చారు. మూడోసారి షాపులో "ఇంక ఈ ఫ్రేముకు ఆయుష్షు తీరింది పాపా, నాయన్ను కొత్త సైకిలు కొనమను" అని చెప్పి పంపారు. వేట సరిగా లేని రోజులు. బస్సు వేళలు బడి వేళలకు కుదరవు. పరీక్షలు మూడు నెలల్లో ఉన్నాయి. కొత్త సైకిలు కొనేదాకా ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉండిపోయే పరిస్థితి. కాబట్టి ఫ్రేము నిజంగా చచ్చిందా, బతికే ఉందా అన్నది తేల్చడం మాకు ఒక్క ఇనుప గొట్టం సంగతి మాత్రమే కాదు.

నెల్లూరులో పాతకాలపు మేస్త్రి ఒకాయన దగ్గరకు సైకిలు తీసుకువెళ్ళాం. ఆయన చప్పుడు విని, "తప్పు కప్పుది కాదు సార్, అది కూర్చునే చోటుది. విప్పి చూద్దాం ఉండండి" అన్నాడు. ఆయన చూసిన వరస ఇక్కడ చెబుతాను. మీరూ నేర్చుకోండి.

ముందు, చప్పుడు నిజంగా బీబీదేనా? రెండు క్రాంకులనూ నేలకు సమాంతరంగా ఉంచి రెండు పెడళ్ళనూ చేతులతో ఒక్కసారిగా కిందికి నొక్కాలి. అర చుట్టు తిప్పి మళ్ళీ నొక్కాలి. ఒక క్రాంకు రెండోదానితో సంబంధం లేకుండా కదిలితే తప్పు కాటరు పిన్నుది. అది లేకపోతే, క్రాంకును పట్టుకొని సైకిలుకు అడ్డంగా ఊపి చూడాలి. రెండు క్రాంకులూ ఇరుసుతో పాటు కలిసి ఊగితే తప్పు బీబీలో ఉన్నట్టు. ఈ సైకిలులో రెండోదే కనిపించింది.

తరువాత విప్పడం. ఇక్కడ ఒక గమ్మత్తు ఉంది. ఎడమ పక్క లాకు రింగూ, కప్పూ మామూలు మరలే. అపసవ్య దిశలో, అనగా గడియారం ముళ్ళకు ఎదురుగా తిప్పితే ఊడతాయి. కుడి కప్పు మాత్రం చాలా సైకిళ్ళలో ఎడమ మర. అది సవ్య దిశలో తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలంకొద్దీ ఎదురు తిప్పి మరచుట్లను పాడు చేసేవాళ్ళు చాలామంది. ఎడమ మర ఎందుకు పెట్టారో చిన్న ప్రయోగంతో తెలుసుకుందాం.

ప్రయోగం 1: గాజులో మూత

కావలసినవి: ఒక గాజు, అందులో కొంచెం వదులుగా పట్టే సీసా మూత. గాజును బల్ల మీద పడుకోబెట్టి కదలకుండా పట్టుకోండి. మూత లోపల ఉంచి, దాని మీద ఒక బాణం గీయండి. ఇప్పుడు మూతను గాజు లోపలి అంచుకు ఆనించి, ఆనే చోటు సవ్య దిశలో ఒక చుట్టు తిరిగేలా దొర్లించండి. జారనివ్వకూడదు. బాణం ఎటు తిరిగింది? అపసవ్య దిశలో! గాజు లోపలి వ్యాసం 60 మి.మీ., మూత వ్యాసం 54 మి.మీ. అయితే ఒక చుట్టుకు మూత 40 డిగ్రీలు వెనక్కి తిరుగుతుంది.

బీబీ గొట్టం గాజు. కప్పు మూత. తొక్కుతున్నప్పుడు కప్పు మీది ఒత్తిడి ఒకేచోట నిలవక క్రాంకుతో పాటు జరుగుతూ ఉంటుంది. కుడి పక్కనుంచి చూస్తే క్రాంకు సవ్య దిశలో తిరుగుతుంది. కాబట్టి కప్పు అపసవ్య దిశలో కొంచెం కొంచెంగా పాకడానికి చూస్తుంది. మామూలు మర అయితే ఊడిపోతుంది. ఎడమ మర అయితే ఇంకా బిగుస్తుంది. ఎడమ పక్కనుంచి చూస్తే అంతా తలకిందులు, కనుక అక్కడ మామూలు మర సరిపోతుంది. రెండు పక్కలా మామూలు మరే ఉండే ఇటలీ పద్ధతి సైకిళ్ళలో కుడి కప్పు వదులయ్యే తగాదా బాగా పేరుపడ్డది.

ఇంకో సంగతి గమనించండి. పాకడం అనేది సందును బట్టి ఉంటుంది. కప్పు వ్యాసం సుమారు 35 మి.మీ. సందు ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉన్నా, పట్టి ఆపే ఘర్షణ లేకపోతే, ఒక్కో చుట్టుకు అర డిగ్రీ చొప్పున పాకుతుంది. రోజుకు 3,000 చుట్లు! అందుకే మరచుట్లు బిగువుగా, అంచు పూర్తిగా ఆని ఉండాలి.

మరచుట్ల పరీక్ష

గొట్టాన్ని కిరసనాయిలుతో కడిగి, పాత పళ్ళ బ్రష్షుతో చుట్లన్నీ రుద్ది, గుడ్డతో తుడిచాడు మేస్త్రి. కొత్త కప్పును చేత్తోనే తిప్పి ఎక్కించి చూశాడు. మంచి మరలో కప్పు రెంచి లేకుండా వేళ్ళతోనే చాలా చుట్లు పోవాలి. ఇది రెండు చుట్లు పోయి ఆగిపోయింది.

ఆగితే రెంచి వేసి తిప్పరాదు. ముందు కప్పు సరైనదేనా అని చూడాలి. ఎక్కువ సైకిళ్ళకు ఇంగ్లీషు కొలత ప్రకారం 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు ఉంటాయి. కొన్ని పాత ఇంగ్లీషు సైకిళ్ళకు అంగుళానికి 26 చుట్లు. 24 చుట్ల మరలో ఒక చుట్టుకు కప్పు 25.4 ÷ 24 = 1.058 మి.మీ. లోపలికి పోతుంది. 26 చుట్ల మరలో 0.977 మి.మీ. మాత్రమే. తేడా చుట్టుకు 0.08 మి.మీ. ఒకటి రెండు చుట్లు మోసపుచ్చి లోపలికి పోతుంది, ఆ తరువాత చుట్టును చుట్టు కొరుకుతుంది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లోనే మరలన్నిటికీ ఒకే కొలతలు ఉండాలని ప్రతిపాదించింది ఇటువంటి చిక్కులు తప్పించడానికే.

ఇక్కడ కప్పు సరైనదే. చుట్లలో తుప్పు గడ్డకట్టింది, పాత రంగు మిగిలింది. ఇందుకు మందు ట్యాపు. అది మరచుట్లు కోసే ఉక్కు పనిముట్టు. బీబీకి రెండు ట్యాపులు కావాలి. కుడికి ఎడమ మరది, ఎడమకు మామూలు మరది. రెండూ ఒకే కడ్డీ మీద ఎదురెదురుగా పోతాయి. ఆ కడ్డీ ఎందుకో ఆలోచించండి. రెండు కొసల మరలూ ఒకే అక్షం మీద ఉండాలి! విడివిడిగా కోస్తే ఒకటి ఒకవైపు, రెండోది మరోవైపు చూస్తాయి.

నూనె ధారాళంగా పోసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు - ఇలా నెమ్మదిగా తిప్పుతాడు మేస్త్రి. వెనక్కు తిప్పినప్పుడు కోసిన ఇనుప పీచు తెగి రజనుగా రాలుతుంది. తెగకపోతే అది ట్యాపుకూ చుట్టుకూ మధ్య నలిగి మంచి మరను గీరేస్తుంది. ట్యాపులు లేని పల్లెటూరి షాపులో ఒక పాత కప్పును తీసుకొని, దాని మరలకు అడ్డంగా మూడు నాలుగు గాడులు సానరాయి మీద కోసి ట్యాపులా వాడతారు. తుప్పు, మురికి తీయడానికి అది చాలు. కానీ చెడిన మరను కొత్తగా కోయలేదు.

ఒక మాట గుర్తుంచుకోండి. చుట్ల శిఖరాలు సగానికి పైగా రాలిపోయి ఉంటే ట్యాపు కూడా ఏమీ చేయలేదు. లేని ఇనుమును అది తెచ్చి పెట్టదు. ఈ ఫ్రేములో ఒక్క చుట్టు మాత్రమే చెడింది, మిగతావి నిలిచి ఉన్నాయి. ట్యాపు తిరిగాక కప్పు వేళ్ళతోనే చివరిదాకా పోయింది.

ప్రయోగం 2: కాటుక పరీక్ష

అయినా మేస్త్రి తృప్తిపడలేదు. దీపపు మసిలో చుక్క నూనె కలిపి కుడి కప్పు అంచు లోపలి వైపున పల్చగా పూశాడు. మీరు కాటుకతో చేయవచ్చు. కప్పును అంచు ఆనేదాకా తిప్పి, మళ్ళీ ఊడదీశాడు. గొట్టం ముఖం మీద ఏమి కనిపించాలి? ముఖం మరకు సరిగ్గా లంబంగా ఉంటే నల్లని పూర్తి వలయం. మాకు కనిపించింది నెలవంక! పైభాగంలో మాత్రమే మసి అంటింది. అంటే అంచు పైన ఆని, కింద గాలిలో ఉంది. అసలు జబ్బు ఇదే. ప్రతి తొక్కుడుకూ కప్పు కొంచెం ఒరిగి మళ్ళీ లేస్తున్నది. "కటుక్" అన్నది అదే.

బడి నుంచి తెచ్చిన వెర్నియర్ కాలిపర్సుతో గొట్టం పొడవును నాలుగు చోట్ల కొలిచాం. పైన 68.5, ముందు 68.3, కింద 68.0, వెనక 68.2 మి.మీ. పైకీ కిందికీ తేడా అర మిల్లీమీటరు. 40 మి.మీ. వ్యాసంలో అర మిల్లీమీటరు అంటే సుమారు 0.7 డిగ్రీల వాలు. కంటికి కనిపించదు. గుండ్లకు మాత్రం బాగా తెలుస్తుంది. పదకొండు గుండ్లు పంచుకోవలసిన భారం రెండు మూడు గుండ్ల మీద పడి, కప్పులో గుంతలు పడతాయి.

కొలత ఒక్కటే చాలదా, మసి ఎందుకు అని మీరు అడగవచ్చు. రెండు ముఖాలూ ఒకేవైపు ఒకేలా వాలి ఉంటే పొడవు అన్నిచోట్లా సమానంగానే వస్తుంది! అప్పుడు కాలిపర్సు మోసపోతుంది, మసి మోసపోదు. అందుకే శాస్త్రంలో ఒకే విషయాన్ని రెండు దారుల్లో పరీక్షిస్తారు.

ముఖాన్ని సమం చేయడం

దీనికి ఫేసింగు కట్టరు అనే పనిముట్టు ఉంది. గుండ్రని బిళ్ళకు కోసే పళ్ళు ఉంటాయి. దాని కడ్డీ మరచుట్ల అక్షం వెంట పోతుంది. కాబట్టి అది కోసిన ముఖం తప్పనిసరిగా మరకు లంబంగా వస్తుంది. ముందు మర, తరువాతే ముఖం - ఈ వరస ఎందుకో తెలిసింది కదా? మరే కొలబద్ద. కొలబద్ద సరిచేయకుండా కొలత సరికాదు.

కట్టరును కోసే దిశలోనే తిప్పాలి. వెనక్కు తిప్పితే పళ్ళు మొద్దుబారతాయి. మొదట ఎత్తుగా ఉన్నచోట రంగు పోయి ఉక్కు మెరుస్తుంది. మెరుపు పూర్తి వలయం అయిన క్షణాన ఆపాలి. అంతకంటే ఒక్క పొర కూడా ఎక్కువ తీయరాదు. ఆకురాయితో చేత్తో రాయడం మంచిది కాదు. ఆకురాయికి అక్షం ఎక్కడుందో తెలియదు!

రెండు ముఖాలూ పూర్తయ్యాక మళ్ళీ కొలిచాం. నాలుగు చోట్లా 68.0. మళ్ళీ మసి పూసి చూశాం. నిండు వలయం!

బిగించడం

ఇప్పుడు రజను తీసేయాలి. ఒక్క రేణువు గుండ్ల మధ్య చేరితే పడిన శ్రమంతా వృథా. నోటితో ఊదకండి, కళ్ళలో పడుతుంది. అయస్కాంతానికి పల్చని గుడ్డ చుట్టి లోపల తిప్పండి. గుడ్డ విప్పితే రజను దానితో పాటు వచ్చేస్తుంది. తరువాత కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాలి.

మరచుట్లకు గ్రీజు తప్పకుండా పూయాలి. గ్రీజు కప్పును వదులు చేస్తుందని కొందరు భయపడతారు. నిజానికి అది ఉప్పునీటికి చోటు లేకుండా సందులు నింపుతుంది. తుప్పుకు నీరూ గాలీ రెండూ కావాలి. రెంటినీ బయట ఉంచేది గ్రీజే. కుడి కప్పును గట్టిగా బిగించి, కప్పులో గ్రీజు పెట్టి, 11 గుండ్లు పేర్చి, ఇరుసు దించి, ఎడమ పక్క కూడా అలాగే చేయాలి.

ఎడమ కప్పును సర్దడంలోనే నేర్పు ఉంది. ఒక పూర్తి చుట్టుకు 1.058 మి.మీ. పోతుందని చెప్పుకున్నాం. అందులో 36వ వంతు, అనగా 10 డిగ్రీలు తిప్పితే 0.03 మి.మీ. కదులుతుంది. తల వెంట్రుక కంటే సన్నం! మర అనేది చేతి పెద్ద కదలికను అంత చిన్న కదలికగా మార్చే యంత్రం. ఇరుసు ఊగరాదు, పట్టేయరాదు. రెంటికీ మధ్య ఆ వెంట్రుకవాసి చోటు దొరికేదాకా సర్ది, కప్పు కదలకుండా పట్టుకొని లాకు రింగు బిగించాలి. లాకు రింగు బిగిసేటప్పుడు కప్పును కొంచెం కదుపుతుంది గనుక మళ్ళీ ఒకసారి తిప్పి చూడాలి.

ఆ సైకిలుకు చివరికి అయిన ఖర్చు ఒక జత కప్పులు, గుండ్లు, గ్రీజు, మేస్త్రి కూలి. ఫ్రేము పాతదే. ఆ అమ్మాయి పరీక్షలకు ఆ సైకిలు మీదే వచ్చింది. మేస్త్రి ఆమెకు చెప్పిన జాగ్రత్తలు మీకూ పనికివస్తాయి. ఉప్పునీటిలో తడిస్తే అదే రోజు మంచినీటితో తుడవాలి, కానీ బీబీ మీదికి నీళ్ళు చిమ్మరాదు. బీబీ గొట్టం అడుగున చిన్న రంధ్రం ఉంటే మట్టితో పూడిపోకుండా చూడాలి. వానాకాలం వెళ్ళగానే ఒకసారి విప్పి గ్రీజు మార్చాలి. చప్పుడు మొదలైన వారంలోనే చూపించాలి. ఊగే కప్పు మరను తినేస్తుంది. అప్పుడు నిజంగానే ఫ్రేముకు ఆయుష్షు తీరుతుంది.

విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అమెరికాలోని డేటన్ పట్టణంలో సైకిలు షాపు నడిపినవాళ్ళే. 1903లో వాళ్ళ విమానంలో రెక్కపంకాలను తిప్పింది గొలుసులూ పళ్ళ చక్రాలే. మన శ్రీహరికోట నుంచి 1980 జులై 18న రోహిణి ఉపగ్రహంతో లేచిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టులో ఒక దశ మీద మరో దశను నిలపడానికి కూడా ముఖానికి ముఖం సరిగా ఆనవలసిందే. పని పెద్దదైనా చిన్నదైనా సూత్రం ఒకటే. బిగించే ముందు కూర్చునే చోటును చక్కబరచాలి.

ఆలోచించి జవాబులు రాయండి

1. ఎడమ కప్పును 20 డిగ్రీలు తిప్పితే అది ఎంత దూరం కదులుతుంది? మర అంగుళానికి 24 చుట్లు.

2. మీ బరువుతో గొలుసు లాగుడు లెక్కకట్టండి. మీ సైకిలు పళ్ళ చక్రం పళ్ళు లెక్కపెట్టి, క్రాంకు పొడవు కొలిచి వాడండి.

3. కుడి కప్పుకు ఎడమ మర, కుడి పెడలుకు మాత్రం మామూలు మర. ఎందుకు? సూచన: గాజు ప్రయోగం మళ్ళీ చేయండి. ఈసారి క్రాంకు రంధ్రమే గాజు. క్రాంకు తిరుగుతుంది, మీ పాదం మాత్రం ఎప్పుడూ కిందికే నొక్కుతుంది. క్రాంకు మీద కూర్చొని చూస్తే ఒత్తిడి ఎటు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది?

4. మీ ఊరి సైకిలు షాపుకు వెళ్ళి, పారేసిన పాత కప్పు ఒకటి అడిగి తెచ్చుకోండి. లోపల గుండ్లు దొర్లిన బాట చుట్టూ సమానంగా అరిగిందా, ఒకవైపే అరిగిందా? ఒకవైపే అయితే, ఆ సైకిలు జబ్బు ఏమిటో మేస్త్రికి మీరే చెప్పగలరు.